ఇల్లు తరలించుట: దారి లెక్క, వేళ లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. ఇల్లు మార్చి చూడు అని వారు చెప్పలేదు. ఒకసారి కట్టిన ఇంటిలో మూడు తరములు గడచిన కాలమున ఆ మాట అవసరపడియుండదు. నేడు ఉద్యోగమునకై కొందరు, పిల్లల చదువునకై కొందరు, వృద్ధులైన తల్లిదండ్రులకు దగ్గరగా నుండుటకై కొందరు, వండుకొను గిన్నె మొదలు దేవుని మందసము వరకు సమస్తమును లారీ కెక్కించి వందల కిలోమీటర్లు తరలిపోవుచున్నారు.

ఇట్టి ప్రయాణమునకు సిద్ధపడువారు సాధారణముగా మూడు ప్రశ్నలు వేయుదురు. దూరమెంత? కిరాయి ఎంత? పెట్టెలెన్ని? ఈ మూడును అడుగదగినవే. కాని సామాను చెక్కుచెదరక, చేరవలసిన వేళకు చేరుట నాలుగవ ప్రశ్నపై ఎక్కువగా ఆధారపడియుండును. లారీ ఏ ఊరిని ఏ వేళకు దాటవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ముందుగా కాగితముపై వ్రాసికొనిన కుటుంబమునకును, వ్రాసికొనని కుటుంబమునకును కలుగు భేదము ఒక్కొక్కప్పుడు ఒక పూర్తి దినము. ఒక్కొక్కప్పుడు ఒక డ్రైవరు ప్రాణము. కావున ఆ సమాధానమును వ్రాసికొను విధానమే ఈ ప్రసంగమునకు విషయము.

లెక్క స్పష్టముగా నుండుటకు ఒక ఉదాహరణమును తీసికొందము. విశాఖపట్నమున ఎం.వి.పి. కాలనీలో కాపురమున్న ఒక కుటుంబము హైదరాబాదులోని మియాపూరునకు తరలుచున్నదనుకొందము. విశాఖనుండి రాజమహేంద్రవరమునకు సుమారు 190 కిలోమీటర్లు. అచటినుండి విజయవాడకు సుమారు 160. ఇంతవరకు మద్రాసు, కలకత్తాలను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి. విజయవాడనుండి హైదరాబాదునకు 65వ నంబరు రహదారిపై సుమారు 275 కిలోమీటర్లు. మొత్తము సుమారు 625 కిలోమీటర్లు.

చేతిఫోనులోని పటము ఈ దూరమునకు చూపు కాలము కారునకు చెల్లును. గృహసామగ్రితో నిండిన లారీ, టోలుగేట్లను, ఊళ్లను, మలుపులను కలుపుకొని లెక్క చూచినచో, గంటకు సగటున 40 కిలోమీటర్లకంటె ఎక్కువ పోవునని ఆశింపరాదు. అనగా చక్రములు తిరుగు కాలమే పదునైదు గంటలు దాటును. భోజనము, విశ్రాంతి, నిద్ర దీనికి వేరు. ఈ లెక్క చూచిన పిదప "రాత్రి బయలుదేరిన తెల్లవారునప్పటికి చేరును" అని ఎవరైన చెప్పినచో, ఆ మాట ఎవరి నిద్రను ఖర్చుపెట్టి చెప్పుచున్నారో మనకు తెలియును.

బయలు రహదారిపై లారీ నడక ఇంచుమించుగా మన లెక్కకు లోబడియే యుండును. లెక్క తప్పునది నగరముల దగ్గర. ఉదయము బడులకును కార్యాలయములకును పోవువేళ, సాయంకాలము తిరిగి వచ్చువేళ, పది కిలోమీటర్ల దారి గంటకు పైగా పట్టవచ్చును. అంతేకాదు, కొన్ని వేళలలో లారీలకు నగరప్రవేశమే ఉండదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 115వ సెక్షను క్రింద, ప్రజల క్షేమమును, సౌకర్యమును, రహదారి స్వభావమును బట్టి కొన్ని తరగతుల వాహనములను కొన్ని దారులలో, కొన్ని వేళలలో నిషేధించుటకు ప్రభుత్వమునకు అధికారము కలదు. పెద్ద నగరములలో భారీ వాహనములను పగటివేళ లోనికి రానీయకపోవుట ఈ అధికారముననే. ఆ వేళలు ఊరూరికి, దారిదారికి, లారీ బరువు తరగతిని బట్టి మారును. పండుగలకును సభలకును తాత్కాలికముగా మారును. కావున ఎవరో చెప్పిన వేళను నమ్మక, తరలుటకు ఒక వారము ముందుగా గమ్యనగరపు ట్రాఫిక్ పోలీసు వారినే విచారించి, మన బండి తరగతిని చెప్పి, మన వీధికి పోవు దారికి వర్తించు వేళలను తెలిసికొనవలెను.

ఇచట ఒక చిక్కు కలదు. లారీకి నగరద్వారము రాత్రి తెరచుకొనును. కాని నేటి అపార్టుమెంటు ద్వారము పగలు తెరచుకొనును. లిఫ్టు వాడకము, సామాను దింపు చప్పుడు ఇరుగుపొరుగులకు ఇబ్బంది కలిగించునని అనేక సంఘములు రాత్రివేళ సామాను ఎక్కించుటను, దింపుటను అంగీకరింపవు. కొన్ని ఆదివారములలో సహితము అంగీకరింపవు. అర్ధరాత్రి గుమ్మము ముందు లారీ నిలిచిన పిదప కాపలాదారు తలుపు తీయనిచో, తెల్లవారగానే లారీ నగరము వెలుపలికి పోవలసిన వేళ సమీపించును. కిరాయి పెరుగును, కూలీలు వెడలిపోవుదురు, మాటలు పెరుగును. ఈ రెండు ద్వారముల నడుమ లారీ నిలుచుటకు చోటును, డ్రైవరు నిద్రించుటకు వ్యవధిని ముందుగా ఏర్పరచుటయే తరలింపు పథకమునకు మూలము.

ఆ చోటు మూడు విధములుగా దొరకును. వీధి వెడల్పయి, స్థానిక నియమములు అనుమతించినచో, రాత్రి లోనికి వచ్చిన లారీ ఇంటి సమీపమున నిలిచి, ఉదయము ఎనిమిది గంటలకు సామాను దింపవచ్చును. అపుడు ఖాళీ బండి వెలుపలికి పోవు వేళను గూర్చి పోలీసు వారిని ముందే అడిగి యుంచుకొనవలెను. రెండవది, నగరపు అంచున సామానును చిన్న బండ్లలోనికి మార్చుట. చిన్న సరకుబండ్లకు పగటివేళ గల నిబంధనలు తక్కువగా నుండును. అయితే సామాను రెండవమారు చేతులు మారుటవలన పగులు ప్రమాదము పెరుగును. కూలీ వేరుగా అగును. మూడవది, మొదటినుండియే పెద్ద లారీకి బదులు డి.సి.ఎం. అని వాడుకలో నున్న మధ్యరకపు బండిని కుదుర్చుకొనుట. రెండు పడకగదుల ఇంటి సామాను, పొదుపుగా పేర్చినచో, సాధారణముగా ఇట్టి బండిలో ఇమిడిపోవును. ఈ మూటిలో ఏది మనకు తగునో నిర్ణయించిన పిదపనే కిరాయి మాటలాడవలెను. ముందుగా మాటలాడినచో, ఆ తరువాత వచ్చు ప్రతి మార్పునకు వేరు వెల చెప్పుదురు.

ఇక పథకమును తలక్రిందులుగా వ్రాయవలెను. బయలుదేరు గంటనుండి మొదలుపెట్టి కాదు. క్రొత్త ఇంటి గుమ్మమున సామాను దిగు గంటనుండి మొదలుపెట్టి వెనుకకు రావలెను. మన ఉదాహరణములో మూడవనాడు ఉదయము ఎనిమిది గంటలకు మియాపూరున సామాను దింపుట గమ్యము. పోలీసు వారిని విచారింపగా రాత్రి పదకొండు గంటల పిదప ప్రవేశమున్నదని తెలిసినదనుకొందము. అనగా రెండవనాటి రాత్రి పదకొండు గంటలకు లారీ పటాన్‌చెరు దగ్గర నుండవలెను.

విజయవాడ వైపునుండి వచ్చు లారీ పెద్ద అంబర్‌పేట దగ్గర హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డును చేరును. అచటినుండి మియాపూరు నగరమునకు అవతలి కొసన నున్నది. ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు మీదుగా నగరమును చీల్చుకొని పోవుట దూరమున తక్కువయైనను, లారీకి అది తగిన దారి కాదు. చుట్టుదారి పూర్తి నిడివి 158 కిలోమీటర్లు. వలయముపై ఏ రెండు చోట్ల నడుమనైనను, దగ్గరి దిక్కుగా పోయినచో, 79 కిలోమీటర్లకు మించి ఉండదు. ఘట్‌కేసరు, శామీర్‌పేట, మేడ్చలు వైపుగా గాని, శంషాబాదు, నార్సింగి వైపుగా గాని పటాన్‌చెరును చేరవచ్చును. కూడళ్లును, ఎఱ్ఱదీపములును లేని దారి యగుటచే లారీకి గంటన్నర చాలును. ఈ దారిపై ఇష్టము వచ్చినచోట బండి నిలుపరాదు. కావున భోజనము, విశ్రాంతి పెద్ద అంబర్‌పేటకు ముందే ముగించుకొని, రాత్రి తొమ్మిదిన్నరకు చుట్టుదారి ఎక్కవలెను.

మరి పెద్ద అంబర్‌పేటకు రాత్రి ఎనిమిది గంటలకు చేరవలెనన్నచో, విజయవాడకు పడమరనున్న ఇబ్రహీంపట్నమును మధ్యాహ్నము ఒంటిగంటకు విడువవలెను. నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్లు, చౌటుప్పలు మీదుగా ఆ దారి సుమారు 230 కిలోమీటర్లు. నడక ఆరు గంటలు, విశ్రాంతి ఒక గంట. ఇబ్రహీంపట్నమునకు ఉదయము పదకొండు గంటలకే చేరినచో భోజనమునకును కునుకునకును రెండు గంటలు మిగులును. దానికై రాజమహేంద్రవరము పరిసరమునుండి ఉదయము ఐదు గంటలకు బయలుదేరవలెను. అంతకుముందు రాత్రి లారీ అచట నిలిచియుండవలెను. విశాఖనుండి అచటికి, విశ్రాంతితో కలిపి, ఆరు గంటలు. కావున మొదటినాడు మధ్యాహ్నము రెండు గంటలకు విశాఖ విడువవలెను. దానికి ఒంటిగంటకు సామాను ఎక్కించుట ముగియవలెను. ఉదయము ఏడు గంటలకు మొదలు కావలెను. పెట్టెలు కట్టుట ముందునాటి రాత్రికే పూర్తి కావలెను. ఈ విధముగా హైదరాబాదులో తలుపు తెరచు వేళ, విశాఖలో పెట్టెలు కట్టు వేళను నిర్ణయించుచున్నది.

విశాఖనుండి మధ్యాహ్నము రెండింటికి బయలుదేరుటలో మరొక లాభము కలదు. సాయంకాలపు రద్దీకి ముందే లారీ ఎన్.ఎ.డి. కూడలిని, గాజువాకను దాటిపోవును. ఊరి ఉత్తరభాగమునుండి బయలుదేరువారు ఆనందపురము, పెందుర్తి, సబ్బవరము మీదుగా అనకాపల్లి చేరు ఆరువరుసల దారిని గూడ ఆలోచింపవచ్చును. రాజమహేంద్రవరము దాటిన పిదప రెండు దారులున్నవి. ఒకటి రావులపాలెము, తణుకు, తాడేపల్లిగూడెము మీదుగా పోవు పాతదారి. మరియొకటి గోదావరిపై నాలుగవ వంతెన దాటి కొవ్వూరు, దేవరపల్లి మీదుగా పోవునది. రెండును ఏలూరునకు ముందు గుండుగొలను దగ్గర కలియును.

విజయవాడ ఈ ప్రయాణమునకు నడుమనున్న ముడి. ఉత్తరమునుండి, దక్షిణమునుండి, పడమరనుండి వచ్చు రహదారులు కృష్ణాతీరమున ఒక ఇరుకైన చోట కలిసికొనుచున్నవి. ఒకవైపు కొండ, మరియొకవైపు ఏరు. 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవరు ఆ రద్దీని కొంత తగ్గించినది. అయినను ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున నిండు లారీతో రామవరప్పాడు కూడలిని సమీపించుట మంచిది కాదు. దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రికి లక్షలాది భక్తులు వచ్చునపుడు, విశాఖనుండి హైదరాబాదు పోవు భారీ వాహనములను పోలీసువారు హనుమాన్ జంక్షను దగ్గర మళ్లించి, నూజివీడు, మైలవరము మీదుగా ఇబ్రహీంపట్నమునకు పంపుట పరిపాటి. ఆ దారిని మిగిలిన దినములలో మనము స్వయముగా ఎంచుకొనవచ్చును. అది జాతీయ రహదారివలె వెడల్పయినది కాదు. రెండున్నర గంటలు పట్టును. కాని ఎనిమిది గంటలకు హనుమాన్ జంక్షను చేరి, అరగంటలో ఉపాహారము ముగించుకొనిన లారీ, నగరము నంటకయే పదకొండు గంటలకు ఇబ్రహీంపట్నము చేరును. దారి కొంత ఇరుకైనను వేళ తప్పకుండుట దానిలోని గుణము. విజయవాడ చుట్టును క్రొత్తదారుల నిర్మాణము సాగినది. తరలు వారమున ఏ దారి తెరచియున్నదో డ్రైవరుతో కలిసి విచారించి నిశ్చయింపవలెను.

ఈ పథకమును చూచి "రాత్రంతయు రాజమహేంద్రవరమున లారీని నిలుపుట వృథా కదా, రోడ్లు ఖాళీగా నుండునది అపుడే కదా" అని కొందరు అడుగుదురు. రోడ్డు ఖాళీగా నుండునన్నది నిజమే. కాని రాత్రి రెండు గంటలు మొదలు ఆరు గంటల వరకు మానవశరీరము నిద్రను కోరునంతగా మరెప్పుడును కోరదు. పగలంతయు కూలీలతోపాటు బీరువాలు ఎత్తించి, త్రాళ్లు బిగించిన డ్రైవరు ఆ వేళ చక్రము పట్టినచో, కనురెప్ప మూతపడిన మూడు నాలుగు క్షణములలో లారీ నూరు అడుగుల దూరము దాటును. దారి ప్రక్కన దీపము లేక ఆపిన లారీని వెనుకనుండి ఢీకొను ప్రమాదములు ఎక్కువగా జరుగునదియు అట్టి వేళలయందే.

1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము, దినమునకు ఎనిమిది గంటలకు మించి పనిచేయింపరాదనియు, ఐదు గంటల పని పిదప అరగంటయైనను విశ్రాంతి ఈయవలెననియు నిర్దేశించెను. కాలక్రమమున చట్టముల పేర్లు మారవచ్చును. మనిషి శరీరము మారలేదు. మన పథకములో రెండవనాటి నడక పన్నెండు గంటలు దాటుచున్నది. కావున ఈ పథకము ఇద్దరు డ్రైవర్లున్న బండికి మాత్రమే తగును. ఒక్క డ్రైవరే ఉన్నచో, రెండవనాటి రాత్రి సూర్యాపేటలో నిలిచి, మూడవనాడు సాయంకాలము నాలుగు గంటలకు బయలుదేరినను, ఎనిమిదింటిలోగా పెద్ద అంబర్‌పేట చేరవచ్చును. నాలుగవనాడు ఉదయము సామాను దిగును. కిరాయి మాటలాడునపుడు "డ్రైవర్లు ఎందరు?" అని అడుగుట, రేటు అడుగుటకంటె ముఖ్యము. "త్వరగా చేర్చినచో బహుమానమిత్తును" అని ఆశపెట్టుట ఆ మనిషిని నిద్రమాని నడుపుమని పంపుటయే యగును. లారీ నిలుచునది రహదారి అంచున గాక, లారీల విడిదిలోనో, పెట్రోలు బంకు ఆవరణములోనో యగునట్లు చూడవలెను. దారిలో ఏదేని ఆపద కలిగినచో జాతీయ రహదారుల సహాయమునకు 1033 నంబరును, పోలీసు మొదలగు అత్యవసర సహాయమునకు 112 నంబరును పిలువవలెను.

గంటల లెక్క అయిన పిదప తిథుల లెక్క. మన ఇండ్లలో ముహూర్తము చూడక క్రొత్త ఇంట పాలు పొంగింపరు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము వంటి మాసములను విడిచి, మంచిరోజులు కలిసివచ్చిన కొద్ది దినములలోనే అందరును తరలుటకు పూనుకొందురు. వేసవి సెలవుల చివర, నెలాఖరున మంచిరోజు పడినచో బండ్లు దొరకుట కష్టము. కిరాయి సహజముగానే పెరుగును. అంతకంటె పెద్ద చిక్కేమనగా, తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తము పెట్టించుకొని, ఆ వేళకు లారీ వచ్చి తీరవలెనని పట్టుపట్టుట. పంచాంగము చెప్పు వేళ గృహప్రవేశమునకే గాని లారీకి కాదు. దేవుని పటము, దీపపు కుంది, పాలగిన్నె, బియ్యము, పసుపు కుంకుమలు ఒక చేతిసంచిలో పెట్టుకొని కుటుంబము రైలులోనో, బస్సులోనో ముందుగా చేరి, ముహూర్తమునకు పాలు పొంగించుకొనవచ్చును. లారీ తన వేళకు తాను వచ్చును. ఈ చిన్న ఏర్పాటుతో ఆచారమును నిలుచును, డ్రైవరు నిద్రయు నిలుచును.

సంక్రాంతికి ముందు మూడు నాలుగు దినములు హైదరాబాదునుండి కోస్తా జిల్లాలకు పోవు వాహనములతో 65వ నంబరు రహదారి నిండిపోవును. పంతంగి టోలుగేటు దగ్గర బారులు తీరును. పండుగ మరునాటినుండి ఆ ప్రవాహము వెనుకకు మళ్లును. మన లారీ పోవు దిక్కు రెండవదానితో కలియును గనుక, పండుగ వెళ్లిన వెంటనే వచ్చు శని ఆదివారములలో విశాఖనుండి బయలుదేరరాదు. 2021 ఫిబ్రవరి మధ్యనుండి జాతీయ రహదారులపై ఫాస్టాగ్ తప్పనిసరి యైనది. లారీ ఫాస్టాగులో చాలినంత సొమ్ము ఉన్నదో లేదో బయలుదేరుటకు ముందే యజమానిని అడుగవలెను.

వానకాలపు జాగ్రత్త వేరు. 2023 జూలైలో మున్నేటి వరద నందిగామకు సమీపమున ఐతవరము దగ్గర రహదారిపైకి రాగా, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు 1వ తేదీనాడు గూడ అట్లే జరిగినది. ఆ దినములలోనే బుడమేరు పొంగి విజయవాడ లోతట్టు ప్రాంతములు మునిగినవి. తీరమునకు తుపానుల భయము అక్టోబరు, నవంబరు నెలలలో ఎక్కువ. విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చినది. తరలుటకు రెండు దినములు ముందునుండి రేడియో వార్తలను, వాతావరణ సూచనలను వినుచుండవలెను. వాయుగుండము మాట వినబడినచో బయలుదేరుటను వాయిదా వేయుట నష్టము కాదు. తడిసిన పరుపులకును, పుస్తకములకును ఇచ్చు వెలకంటె రెండు దినముల ఇంటి అద్దె తక్కువ.

కాగితముల విషయమున కొన్ని మాటలు. విశాఖ హైదరాబాదులు 2014 జూన్ 2వ తేదీనుండి వేరు రాష్ట్రములలో నున్నవి. కావున లారీకి రాష్ట్రము దాటుటకు తగిన పర్మిటు ఉన్నదని ముందే చూడవలెను. వాడుకొనిన గృహసామగ్రికి జి.ఎస్.టి. నియమముల ప్రకారము ఈ-వే బిల్లు అవసరము లేదు. అయినను పెట్టెలకు వరుస సంఖ్యలు వేసి, ఏ పెట్టెలో ఏమున్నదో జాబితా వ్రాసి, సంతకముతో ఒక ప్రతిని డ్రైవరుకిచ్చి, మరియొకటి మనయొద్ద నుంచుకొనినచో, దారిలో అడుగువారికి సమాధానము, దించునపుడు లెక్క, రెండును సిద్ధముగా నుండును. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము, సరకును కిరాయికి మోయు సంస్థ రశీదు ఈయవలెను. విలువను ప్రకటించి, దానికి తగిన అధిక రుసుము చెల్లింపనిచో, నష్టము జరిగినపుడు సంస్థ బాధ్యత పరిమితముగనే యుండును. సామాను పోయినను, పాడైనను వ్యాజ్యము వేయదలచువారు సరకు బుక్ చేసిన తేదీనుండి 180 దినములలోగా వ్రాతపూర్వకముగా నోటీసు ఈయవలెను. రశీదును పెట్టెలో పెట్టి లారీ కెక్కించువారు కలరు. అది చేతిసంచిలో నుండవలెను.

వంటగ్యాసు సిలిండరును సామానుతో ఎక్కింపరాదు. దానిని పంపిణీదారునకు అప్పగించి, బదిలీ పత్రము తీసికొనవలెను. కారును గూడ వెంట తీసికొనిపోవువారు, క్రొత్త రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి ఉంచదలచినచో, పాత రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొని, అచట క్రొత్త నంబరు పొందవలసియుండును.

సామాను ఎక్కించు వరుస గూడ వేళ లెక్కలో భాగమే. క్రొత్త ఇంట మొదట కావలసినది లారీలో చివర ఎక్కవలెను. పరుపులు, నీటిబిందె, కుక్కరు, ఒక దీపము, ఫ్యాను, పిల్లల పుస్తకములు తలుపు దగ్గర నుండవలెను. బీరువాలును, మంచములును, ధాన్యపు మూటలును లోపల, అడుగున. వృద్ధుల మందులు, నగలు, దస్తావేజులు, పాఠశాల ధ్రువపత్రములు లారీ ఎక్కనే కూడదు. లారీ ఒక దినము ఆలస్యమైనను ఆ రాత్రి వండుకొని తిని పడుకొనుటకు చాలినంత సామగ్రి మనచేత నుండవలెను. అది లేని ఇంటివారే డ్రైవరునకు గంటగంటకు ఫోను చేయుదురు. నడుపుచున్నవాడు ఫోను ఎత్తుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. విడిది చేరినప్పుడు తానే ఫోను చేయునట్లు ముందే చెప్పి, నాలుగు విడిదుల పేర్లు కాగితముపై వ్రాసియిచ్చినచో ఇరువురికిని శాంతి.

తుదకు, పథకములో ఒక పూట ఖాళీగా విడువవలెను. పాత ఇంటి తాళము అప్పగించు దినమును, క్రొత్త ఉద్యోగమున చేరు దినమును లారీ నడకకు అంటకట్టరాదు. నడుమ రెండు దినముల ఎడముండవలెను. టైరు పగులవచ్చును, టోలుగేటు దగ్గర బారు పెరుగవచ్చును, వాన పడవచ్చును. ఖాళీగా విడిచిన పూట ఇవి యన్నియు ఇముడుటకే. ఏ అడ్డంకియు రాకున్నచో, డ్రైవరును క్లీనరును మన క్రొత్త ఇంట మొదటి భోజనము చేసి, నిద్రపోయి, వెలుతురున తమ ఊరికి మరలుదురు.